వినేవాళ్ళు ఎవరి పక్షం?

మా పెద్దమ్మ జాకెట్లు కుట్టేది. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. పెద్దమ్మ వాళ్ళ వీధి వసారాలో కాలితో తొక్కే కుట్టుమిషను ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళు ఆది జాకెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆది ఇచ్చి వెళ్ళడానికి రెండు నిమిషాలు చాలు. వాళ్ళు గంటసేపు కూచునేవాళ్ళు. గోడకి చేరగిలబడి, చూపు వీధి మీద పెట్టి, మెల్లగా మాటలు మొదలుపెట్టేవాళ్ళు. పెద్దమ్మ వాళ్ళ మొహంలోకి చూసేది కాదు. కళ్ళు గుడ్డ మీదే. "ఊఁ" అనేది. కాసేపటికి మళ్ళీ "ఊఁ" అనేది. చెప్పేవాళ్ళ గొంతు మారినప్పుడు మాత్రం ఆమె కాలు ఆగిపోయేది. మిషను చప్పుడు ఆగిందంటే ఏదో పెద్ద మాట వచ్చిందన్నమాట. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. డబ్బాలోంచి హుక్కులు ఏరి ఇవ్వడం నా పని కాబట్టి నన్నెవరూ అక్కణ్ణించి పొమ్మనేవాళ్ళు కాదు.

మా అమ్మకి ఈ వ్యవహారం నచ్చేది కాదు. ఒకరోజు ఒకావిడ చేతుల మీద వాతలతో వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, పెద్దమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కొంగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మం దాటగానే అమ్మ అంది: "నువ్విలా వింటున్నావు కాబట్టే అది ఆ కొంపలో పడి ఉంటోంది అక్కా! కడుపులో ఉన్నదంతా ఇక్కడ కక్కేసి వెళ్తుంది, మళ్ళీ వారం దాకా ఓర్చుకుంటుంది. నువ్వు వినకపోతే ఏనాడో తెగించేది."

పెద్దమ్మ ఏమీ అనలేదు. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇది జరిగి నలభై అయిదేళ్ళు దాటింది. నేనిప్పుడు హైదరాబాదులో సైకోథెరపిస్టుని. పాతికేళ్ళుగా వినడమే నా వృత్తి, దాంతోనే బతుకుతున్నాను. అమ్మ ఆ రోజు అక్కని అడిగిన మాట నన్ను అడిగినట్టే ఉంటుంది ఇప్పటికీ. బాధలో ఉన్న స్త్రీని ఊరడించడమంటే ఆ బాధ పెడుతున్న ఇంటికి సాయం చేయడమేనా? వినేవాళ్ళు అసలు ఎవరి పక్షం?

ఈ ప్రశ్న నాకు ఊసుపోక వేసుకునేది కాదు. దీనికి నేను ఇచ్చుకున్న తప్పు జవాబుల వల్ల ఇద్దరు స్త్రీలు నష్టపోయారు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. వాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. మన దగ్గర కౌన్సెలింగ్ అన్న మాటకి రెండర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి ఎంసెట్ ర్యాంకు వచ్చాక సీటు కోసం వెళ్ళేది. రెండోది పోలీసు స్టేషన్లో ఇచ్చేది. "దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపారు" అని పేపర్లో చదువుతూనే ఉంటాం. అంటే ఏమిటి? అతనికి కాస్త మందలింపు, ఆమెకి చాలా హితబోధ. పిల్లల మొహం చూసి సర్దుకుపొమ్మనడం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి రోజు ఆ హితబోధకి సిద్ధపడే వస్తారు. కుర్చీ అంచున కూచుని, "చెప్పండి మేడం, నేనేం మార్చుకోవాలి?" అని అడుగుతారు. చెంప దెబ్బలు తిన్న మనిషి తనేం మార్చుకోవాలని అడుగుతుంది! పితృస్వామ్యం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ఒక్క వాక్యం ముందు దిగదుడుపే.

నేను మార్పులేవీ చెప్పను. నా గదిలో మా ఇద్దరి మధ్యా బల్ల ఉండదు. యాభై నిమిషాల సమయం. మంచినీళ్ళు, కాగితపు రుమాళ్ళు, ఒక కిటికీ. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో, ఏది ముఖ్యమో ఆమే నిర్ణయించుకుంటుంది. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైంది తిరిగి చెబుతాను. సరిగ్గా అర్థమైతే తలూపుతుంది, లేకపోతే "అది కాదు మేడం" అంటుంది. "అది కాదు" అనడం చాలామంది స్త్రీలు ఆ గదిలోనే మొదటిసారి నేర్చుకుంటారు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి తన గురించి చెప్పిన మాటని కాదనడం, కాదన్నా ఏ ఉపద్రవమూ జరగకపోవడం! చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు.

ఈ పద్ధతిని మానవతావాద మనోచికిత్స అంటారు. నేను నేర్చుకున్న శాఖకి మూలపురుషుడు కార్ల్ రోజర్స్ అనే అమెరికన్. 1902లో చికాగో దగ్గర బాగా మతనిష్ఠ గల కుటుంబంలో పుట్టాడు. మతబోధకుడు కావాలని న్యూయార్కులో చేరి, ఆ చదువు సగంలో వదిలి మనస్తత్వశాస్త్రంలోకి వచ్చాడు. చికిత్సకి వచ్చే మనిషిని రోగి అనకుండా క్లయింట్ అనడం 1942లో వచ్చిన ఆయన పుస్తకం వల్లే బాగా వ్యాపించింది. మనిషిలో ఎదగాలనే తత్వం సహజంగా ఉంటుందనీ, సరైన వాతావరణం దొరికితే తన దారి తనే వెతుక్కుంటుందనీ ఆయన నమ్మకం. ఆ వాతావరణానికి చికిత్సకురాలి వైపు నుంచి మూడు కావాలంటాడు. ఎదుటి మనిషి లోకాన్ని ఆమె కళ్ళతో చూసే సహానుభూతి. షరతులు లేని ఆదరణ. మూడోది నిజాయితీ, అంటే లోపల ఒకటి పెట్టుకుని పైకి మరొకటి నటించకపోవడం. 1957లో రాసిన ఒక చిన్న వ్యాసంలో వీటిని స్పష్టంగా చెప్పాడు. నా కథ అంతా ఈ మూడోదాన్ని నేను నిర్లక్ష్యం చేసిన కథ.

ఎమ్మే చదివేటప్పుడు ఈ సిద్ధాంతం నాకు ఒక పేజీన్నర నోట్సు. తొంభైల మొదట్లో మేమంతా స్త్రీవాద కవిత్వం చదువుతూ, హాస్టల్ గదుల్లో వాదించుకుంటూ ఉండేవాళ్ళం. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వస్తే ఒక ప్రతిని పదిమందిమి పంచుకుని చదివాం. వ్యక్తిగతం కూడా రాజకీయమేనని నేర్చుకుంటున్న రోజుల్లో, ఎవరో తెల్లజాతి మగవాడు చెప్పిన ఎదుగుదల సిద్ధాంతం మీద నాకు పెద్దగా గౌరవం కలగలేదు. పైగా ఫిల్లిస్ చెస్లర్ 1972లో రాసిన 'విమెన్ అండ్ మ్యాడ్‌నెస్' చేతికొచ్చింది. మగ వైద్యుడి ముందు ఆడ రోగి అనే ఏర్పాటే కుటుంబంలోని అధికారానికి నకలు అంటుందావిడ. అంతకు రెండేళ్ళ ముందు ఇంగే బ్రోవర్‌మన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం ఇంకా కలవరపెట్టింది. ఆరోగ్యవంతమైన మనిషి ఎలా ఉంటారని మానసిక చికిత్సకులని అడిగితే వాళ్ళు చెప్పిన లక్షణాలు ఆరోగ్యవంతుడైన మగవాడి లక్షణాలతో సరిపోయాయి, ఆరోగ్యవంతురాలైన స్త్రీ లక్షణాలతో సరిపోలేదు. అంటే మంచి ఆడదానిగా ఉండాలంటే ఆరోగ్యవంతమైన మనిషిగా ఉండటం కుదరదన్నమాట! అలాంటి శాస్త్రం మనకెందుకు అనుకున్నాను.

మరెందుకు ఇటొచ్చాను? ఒక తల్లి కథ వల్ల. రోజర్స్ 1928 నుంచి పన్నెండేళ్ళ పాటు రాచెస్టర్ నగరంలో సమస్యల్లో ఉన్న పిల్లల మధ్య పనిచేశాడు. అప్పుడొక తల్లి వచ్చింది. కొడుకు మహా మొండి. పసితనంలో ఆమె అతన్ని మనసులో తిరస్కరించడమే మూలకారణమని రోజర్స్ తేల్చేసుకున్నాడు. ఆ సంగతి ఆమెచేత ఒప్పించాలని ఎన్నోసార్లు కూచోబెట్టి ఓపిగ్గా ప్రయత్నించాడు. కుదరలేదు. చివరికి ఇక ఆపేద్దామన్నాడు. ఆమె సరేనంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్ళ బాధలు కూడా వింటారా అని అడిగింది. వింటామంటే వచ్చి మళ్ళీ కూచుంది. కొడుకు గురించి కాదు, తన కాపురం గురించి, తన ఓటమి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఏది బాధిస్తోందో, ఎటు వెళ్ళాలో క్లయింటుకే తెలుసునని తనకి ఆ రోజు అర్థమైందని రోజర్స్ తర్వాత రాసుకున్నాడు.

నాకు ఆయన కంటే ఆవిడ గొప్పగా అనిపించింది. పిల్లవాడు చెడితే తల్లినే దోషిగా నిలబెట్టే శాస్త్రం ముందు కూచుని, ఆ నేరం ఒప్పుకోకుండా, గుమ్మం దగ్గర ఆగి, "నా సంగతి వినండి" అన్నది ఆమె. పేరు కూడా తెలియని ఆ ఇల్లాలు ఈ చికిత్సా పద్ధతికి సహ రచయిత్రి.

ఆమె ఒక్కతే కాదని తర్వాత చదివితే తెలిసింది. రోజర్స్ పిల్లలతో మొదట పని నేర్చుకున్నది లీటా హాలింగ్‌వర్త్ దగ్గర. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళ బుర్ర సరిగా పనిచెయ్యదన్న నమ్మకాన్ని ప్రయోగాలతో పరీక్షించి, అది అబద్ధమని 1914లోనే తన పరిశోధనా గ్రంథంలో తేల్చిన మనిషి ఆవిడ. ఇక రోజర్స్‌ని బాగా కదిలించిన ఓటో ర్యాంక్ ఆలోచనలు ఆయనకి చేరింది ఫిలడెల్ఫియా సామాజిక కార్యకర్తల ద్వారా. వాళ్ళలో ముఖ్యురాలు జెస్సీ టాఫ్ట్. ఆమె 1913లో డాక్టరేటు కోసం రాసిన అంశమే స్త్రీల ఉద్యమం! పుస్తకాల అట్టల మీద మగవాళ్ళ పేర్లుంటాయి. లోపలికి తొంగిచూస్తే ఎక్కడో ఒక స్త్రీ కూచుని ఉంటుంది. ఈ పద్ధతి నాకు పరాయిది కాదనిపించి, బెంగుళూరులో ఏడాదిన్నర శిక్షణ తీసుకున్నాను. మొదటి పాఠంలోనే మా పెద్దమ్మ కాలు ఆగిన చప్పుడు గుర్తొచ్చింది.

ఇప్పుడు నా మొదటి తప్పు. 2003లో ఒక స్త్రీల సహాయ కేంద్రంలో పనిచేసేదాన్ని. ఒకామె వచ్చేది. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు, ప్రైవేటు స్కూల్లో టీచరు. జీతం భర్త చేతికి వెళ్ళేది. అతను కొట్టేవాడు. నాలుగు వారాలు విన్నాను. అయిదో వారం నా వల్ల కాలేదు. నా చిన్నప్పటి వసారా, ఆ వాతలు, అమ్మ కోపం అన్నీ కలిసి నా నోట్లోంచి వచ్చాయి. "ఇంకా ఎందుకు ఉంటున్నారు అక్కడ? వచ్చెయ్యండి. ఎన్నాళ్ళు సహిస్తారు?" అన్నాను. లాయరు నంబరు రాసిచ్చాను. హాస్టల్ చిరునామా ఇచ్చాను. చైతన్యవంతురాలైన స్త్రీవాదిగా నా ధర్మం నిర్వర్తించానని తృప్తిపడ్డాను కూడా.

ఆమె కాగితం మడిచి పర్సులో పెట్టుకుని అంది: "మా అత్తగారు ఉండమంటుంది మేడం. మీరు వచ్చెయ్యమంటున్నారు. నేనేం అనుకుంటున్నానో ఇద్దరూ అడగరు."

ఆమె మళ్ళీ రాలేదు. ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ దెబ్బతో నేను రెండో కొసకి వెళ్ళిపోయాను. నిర్ణయం ఆమెది, దారి ఆమెది, నా పని అద్దం పట్టడం అని నూటొక్కసార్లు చెప్పుకున్నాను. సొంత ప్రాక్టీసు మొదలుపెట్టాను. 2009లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని వచ్చింది. భర్త మీద కోపంతో స్నేహితురాలి ఇంట్లో ఉంటోంది. ఒకరోజు వచ్చి, అతను చాలా బతిమాలుతున్నాడనీ, శనివారం తిరిగి వెళ్ళిపోతున్నాననీ చెప్పింది. మాటల మధ్యలో, కూర ఉప్పు ఎక్కువైంది అన్నంత తేలిగ్గా, ఒకసారి గొంతు నొక్కాడని కూడా చెప్పింది. నా ఒళ్ళు జలదరించింది. కానీ శిక్షణ పొందిన గొంతుతో, "వెళ్ళాలనీ ఉంది, భయంగానూ ఉంది మీకు" అన్నాను. ఆమె తలూపింది. టైమైపోయింది. వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి ఫోను. దవడ ఎముక విరిగింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. చూడటానికి వెళ్తే, కట్టు మధ్యలోంచి మాట కూడదీసుకుని అడిగింది:

"ఆ రోజు మీకు భయం వెయ్యలేదా మేడం?"

"వేసింది."

"మరి చెప్పలేదేం?"

నేనెందుకు చెప్పలేదు? ఆమె స్వేచ్ఛని గౌరవించాను కాబట్టి అని చెప్పుకోవచ్చు. కానీ అది సగం నిజం. నాకు తెలిసిన ఒక ముఖ్యమైన సంగతి, గొంతు నొక్కడం మామూలు దెబ్బ కాదనీ, ముందు ముందు ప్రాణానికే ముప్పు ఉందనడానికి అది గట్టి సూచన అనీ పరిశోధనలు చెబుతున్న సంగతి, ఆమెకి అందకుండా నా దగ్గరే దాచుకున్నాను. తెలియవలసింది తెలియకుండా తీసుకున్న నిర్ణయాన్ని స్వేచ్ఛ అనొచ్చా? పోనీ, నేను నా గురించి ఏం చేశాను? లోపల వణికిపోతూ పైకి నిబ్బరం నటించాను. మొదటామె విషయంలో నా మాట ఆమె మాటని మింగేసింది. రెండో ఆమె విషయంలో నేను మనిషిగా ఆ గదిలో లేనే లేను. మొదటిది పెత్తనం. రెండోది పరిత్యాగం. రెండింటికీ నేను పెట్టుకున్న పేర్లు మాత్రం మంచివే.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. రోజర్స్ చెప్పినట్టు మనిషి లోపలి గొంతుని నమ్మాలి. సరే. కానీ ఆ లోపలి గొంతు ఎవరిది? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో పెళ్ళైన స్త్రీలలో నూటికి దాదాపు ముప్ఫై మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామన్నారు. అదే సర్వేలో, చెప్పకుండా బయటికి వెళ్తే, వంట సరిగా చెయ్యకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే, ఇలా ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి ఎనభై మందికి పైగా స్త్రీలు అన్నారు. ఎనభై మంది! ఆడదాని గుండె లోతుల్లోంచి వచ్చేదంతా ఆమెదే అని ఎలా అనుకుంటాం? అక్కడ నాన్న ఉంటాడు, అత్తగారు ఉంటారు, పురాణం చెప్పే ఆయన ఉంటాడు, రాత్రి ఎనిమిదింటి సీరియల్ ఉంటుంది.

దీనికి రోజర్స్ సిద్ధాంతంలోనే కొంత జవాబుంది. "ఇలా ఉంటేనే నువ్వు మంచిదానివి" అనే షరతుల్ని పసితనం నుంచీ మింగి, మనిషి తన అనుభవాన్నే తను నమ్మడం మానేస్తుందని ఆయన 1959 నాటి రచనలో వివరించాడు. షరతుల వల్ల పోయిన నమ్మకం, షరతుల్లేని ఆదరణలో తిరిగి మొలుస్తుందంటాడు. నేను కళ్ళారా చూశాను అది. "తప్పు నాదేనేమో" అని ఆరునెలలు అన్న మనిషి ఒకరోజు సగంలో ఆగి, "అవునా? నిజంగా నాదేనా?" అని తనని తానే అడుగుతుంది. ఆ ప్రశ్న నేను వేస్తే వాదన అవుతుంది. ఆమె వేసుకుంటే అక్కణ్ణించి వెనక్కి పోవడం కష్టం. అయితే ఆ షరతులు ఎవరు పెట్టారు, వాటివల్ల లాభం ఎవరికి, మగపిల్లాడికీ ఆడపిల్లకీ అవి ఒకటేనా అన్న ప్రశ్నలు రోజర్స్ గట్టిగా అడగలేదు. అవి అడగడానికి నాకు స్త్రీవాదం కావలసి వచ్చింది. ఒకటి వినడం నేర్పింది, ఇంకొకటి ఏం వింటున్నానో తెలుసుకోవడం నేర్పింది.

నా చెవులకి పరిమితులున్నాయని కూడా క్లయింట్లే నేర్పారు. ఒక దళిత యువతి తన ఆఫీసులో జరిగే అవమానాలు చెబుతుంటే, "ఆడవాళ్ళందరికీ ఇలాగే" అన్న ధోరణిలో ఏదో అన్నాను. ఆమె నన్ను సూటిగా చూసి, "ఆడదాని బాధ మీకు తెలుసు మేడం. మా పేట బాధ మీకు తెలియదు" అంది. వెనకటి నేనైతే సహానుభూతి చూపించే మరో వాక్యం వెతికేదాన్ని. ఆ రోజు, "నిజమే, తెలియదు. మా ఇంట్లో ఆ బాధ పెట్టిన వైపే పుట్టాను" అన్నాను. మా ఇద్దరి మధ్య అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఎదుటి మనిషి లోకాన్ని తనదే అన్నట్టుగా చూడాలి, కానీ అది నిజంగా తనది కాదన్న ఎరుక పోగొట్టుకోకూడదు. ఈ రెండో సగం మరిచిపోతే సహానుభూతి కూడా ఒక ఆక్రమణే.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. "ఉండాలా, వచ్చెయ్యాలా?" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ జవాబివ్వను. కానీ నాకు భయం వేస్తే భయం వేస్తోందని చెబుతాను, ఎందుకో చెబుతాను. నాకు తెలిసిన సమాచారం ఆమె ముందు పెడతాను. 2005లో గృహహింస చట్టం వచ్చిందనీ, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉందనీ, ఇల్లు తన పేరున లేకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కుని చట్టం కాపాడుతుందనీ, రక్షణాధికారి ఉంటారనీ, 181కి ఫోన్ చెయ్యొచ్చనీ చెబుతాను. కేసు పెట్టమని కాదు. తలుపులు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి గదిలో కూచోవడం వేరు, తెలియని మనిషి కూచోవడం వేరు. తిరిగి వెళ్తానంటే, "వెళ్ళాక రాత్రిపూట ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేస్తారు? సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? చేతిలో డబ్బుందా?" అని కలిసి ఆలోచిస్తాం. అన్నిటికంటే ముఖ్యంగా, "మీరు వెళ్ళినా నా తలుపు మూసుకోదు. మళ్ళీ వస్తే ఎందుకెళ్ళావని అడగను" అని చెబుతాను. మనలో చాలామంది స్నేహితురాళ్ళం ఇక్కడే తప్పు చేస్తాం. రెండుసార్లు ఆదుకుని, మూడోసారి ఆమె తిరిగి వెళ్తే విసిగిపోయి మానేస్తాం. సరిగ్గా అతనికి కావలసింది అదే, ఆమెకి ఎవరూ మిగలకపోవడం.

ఇంత చెప్పినా అమ్మ ప్రశ్న పూర్తిగా తీరదు. ఫీజు కట్టగలిగిన ఒక్కొక్క స్త్రీ, మూసిన తలుపు వెనక, ఒక్కొక్కతే తేలికపడి వెళ్తే లోకం ఏం మారుతుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. 1992లో అక్కడ రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూచున్న ఆడవాళ్ళు పాఠంలో సారా కథ చదివి, తమ ఇళ్ళ సంగతులు ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకున్నాక లేచి వెళ్ళి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాని నిషేధించేదాకా వెళ్ళింది. వాళ్ళు చేసింది కూడా వినడమే. కాకపోతే "నీకూనా?" అని వినడం. నా మొగుడు ఇంతే అనుకున్నది ఊరి సంగతని తెలిసింది. ఒంటరి గదిలో నేను ఇవ్వలేనిది ఆ "నీకూనా?" ఒక్కటే. అందుకే ఎనిమిదేళ్ళుగా నెలకి రెండు ఆదివారాలు, ఫీజు లేకుండా, స్త్రీల బృందం నడుపుతున్నాను. అక్కడ నేను మాట్లాడేది తక్కువ. ఒకామె చెప్పడం మొదలుపెడితే ఇంకొకామె మెడ నిటారుగా అవుతుంది. అది చూడటం కోసమే వెళ్తానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

చివరిగా మా పెద్దమ్మ సంగతి. ఆవిడ పోయాక పెద్దకర్మకి ఊరెళ్ళాను. వచ్చినవాళ్ళలో ఒక ముసలామె నా పక్కన కూచుంది. చిన్నప్పుడు నేను చూసిన వాతల చేతులు ఆమెవే. భర్తని వదిలి కూతురితో గుంటూరు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయిందట. "మీ పెద్దమ్మ నన్నెప్పుడూ వెళ్ళమనలేదు, ఉండమనలేదు" అంది. హుక్కులు కుట్టడం, కాజాలు తియ్యడం ఆమెకి పని ఇచ్చేదట. ఆ కూలి డబ్బులు ఇంటికి తీసుకెళ్తే అతను లాక్కుంటాడని మిషను సొరుగులోనే దాచి ఉంచేది. నెలకోసారి, కళ్ళు గుడ్డ మీంచి తియ్యకుండా, "నీ డబ్బులు ఇంత అయ్యాయి. ఇవ్వమంటావా, ఉంచమంటావా?" అని అడిగేది. ఏడేళ్ళు ఈమె "ఉంచక్కా" అంది. ఒక రోజు "ఇచ్చెయ్యి" అంది.

అమ్మకి ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. హుక్కులు ఏరి ఇస్తూ అక్కడే కూచున్నా, ఊఁ కొట్టడం ఒక్కటే విన్నాను. సొరుగు చూడలేదు.

ఇందులోంచి గొప్ప జవాబు తీసి మీకివ్వాలని లేదు. అలా డబ్బు దాచుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారటగానీ అందరూ "ఇచ్చెయ్యి" అనలేదు. ఒకావిడ ఆ ఇంట్లోనే పోయింది. ఆవిడ డబ్బు ఏం చెయ్యాలో తెలియక పెద్దమ్మ చాలాకాలం అలాగే ఉంచిందట. వినేవాళ్ళు ఈ బరువు కూడా మొయ్యాలి.

కానీ ఇప్పుడు ఎవరైనా నా ఎదురుగా కూచుని "నేనేం మార్చుకోవాలి మేడం?" అని అడిగితే, నేను నన్ను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈమె మాట నిజంగా వింటున్నానా? ఈమెకి చెందింది ఏదైనా, నా భయమో, నాకు తెలిసిన సంగతో, నా దగ్గర దాచుకుని ఇవ్వకుండా ఉన్నానా? ఇస్తే తీసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. అడగడం మాత్రం నా పని. నెల నెలా అడగాలి, ఏడేళ్ళయినా అడగాలి.